ఒకే నంబర్‌కి నాలుగు పేర్లు: సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌లో పదాలు ఎందుకు చీలిపోతాయి, ఒడిశా సరిహద్దులో ఆ ఇబ్బంది ఎందుకు పెరుగుతుంది

క్లుప్తంగా: ఒక సాఫ్ట్‌వేర్ తన తెరమీద, రసీదులో, సహాయ పేజీలో ఒకే వస్తువుని వేర్వేరు పేర్లతో పిలిస్తే, చదివేవాళ్లు అవి వేర్వేరు వస్తువులనుకుంటారు. వెతికితే దొరకదు, అనువాదంలో తేడా ఇంకా పెరుగుతుంది. రాయగడ, పర్లాకిమిడి లాంటి చోట్ల తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఒకే కౌంటర్ మీద కలుస్తాయి కాబట్టి అక్కడ దెబ్బ ఎక్కువ. పదాల పట్టిక ఒకటి రాసిపెడితే సరిపోదు. ఆ పదాలకి బాధ్యులుండాలి, తెరమీది మాట పుట్టేటప్పుడే నిర్ణయం జరగాలి, పాత పేర్లతో వెతికినా సమాధానం దొరకాలి.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతుంది

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల్లో చాలా తెలుగు కుటుంబాల్లో ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా, కంప్యూటర్ తెరమీద ఇంగ్లీషు. జనసేవా కేంద్రంలో కూర్చున్న కుర్రాడు రోజంతా ఈ మూడిటి మధ్యా తిరుగుతూనే ఉంటాడు. ఇప్పుడొక దరఖాస్తు పోర్టల్ ఊహించుకోండి. ఫారం నింపాక తెరమీద "అప్లికేషన్ నంబర్" వస్తుంది, ప్రింట్ తీసిన రసీదులో అదే అంకె "రిఫరెన్స్ నంబర్" అవుతుంది, ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లో "అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్", తీరా పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని స్టేటస్ పేజీకి వెళ్తే అక్కడి గడి "టోకెన్ ఐడీ" అడుగుతుంది. నాలుగూ ఒకటేనని పోర్టల్ కట్టినవాళ్లకి తెలుసు. బయటివాళ్లకి తెలిసే దారి లేదు. "ఇందాక అప్లికేషన్ నంబరన్నావు, ఇప్పుడు రిఫరెన్స్ నంబరంటావేటి బాబూ?" అని అవతలివాళ్లు అడిగితే అది చాలా సరైన ప్రశ్న.

దీనికి ఒడియా తోడైతే ఇంకో మెలిక. ఒడియాలో దరఖాస్తుని "ఆబేదన" అంటారు. అదే సంస్కృత పదం తెలుగులో "ఆవేదన"గా స్థిరపడింది, అర్థం మాత్రం బాధ. రెండు భాషల్లోనూ వినడానికి దగ్గరగా ఉండే ఇలాంటి మాటలు చాలా ఉన్నాయి, కాబట్టి ఒడియా తెరని తెలుగులోకి తెచ్చేటప్పుడు లిపి మార్చి వదిలేస్తే కొంప మునుగుతుంది. విచిత్రం ఏమిటంటే "దరఖాస్తు" అన్న మాట ఒడియాలోనూ ఉంది. అది వాడితే ఈ గొడవే లేదు.

పాలనా విభాగాల పేర్లు మరీ కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో మండలాలు వచ్చాక రెవెన్యూ పనికీ, అభివృద్ధి పనికీ జనానికి తెలిసిన పేరు ఒకటే అయింది. ఒడిశాలో అలా కాదు, రెవెన్యూ వ్యవహారాలకి తహసీల్, అభివృద్ధి పథకాలకి బ్లాక్, రెండూ వేర్వేరు గడులు. తెలుగు అనువాదం చేసేవారు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని రెండిటికీ "మండలం" అని రాసేస్తే, రాయగడ జిల్లా మనిషికి ఒకే పేరుతో రెండు గడులు కనిపిస్తాయి. ఒకే వస్తువుకి నాలుగు పేర్లున్నా తంటానే, రెండు వస్తువులకి ఒకే పేరున్నా తంటానే. ఈ రెండోదాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, నష్టం మాత్రం దానివల్లే ఎక్కువ, ఎందుకంటే మొదటిదాంట్లో మనిషి ఆగి అడుగుతాడు, రెండోదాంట్లో ఆగకుండా తప్పు నింపేసి ముందుకి వెళ్లిపోతాడు.

చదివేవాళ్లు ఏం అనుకుంటారు

కథ చదివేవాళ్లూ, సూచనలు చదివేవాళ్లూ ఒకలా చదవరు. కథలో "ఇల్లు" అని, తరవాత "గూడు" అని, ఆ తరవాత "కొంప" అని రాస్తే అందరికీ అదే ఇల్లని అర్థమవుతుంది. సూచనల్లో మాట మారితే మాత్రం పాఠకులు వెంటనే ఇది వేరే వస్తువేమోనని అనుకుంటారు. అలా అనుకోవడమే సహజం, ఎందుకంటే తెలియని సాఫ్ట్‌వేర్‌లో వాళ్లకి ఆధారం ఆ పేరొక్కటే. "ప్రాజెక్టు తెరవండి" అని చెప్పి, తరవాతి పేరాలో "వర్క్‌స్పేస్‌లో ఫైల్ పెట్టండి" అంటే, ఆ వర్క్‌స్పేస్ ఎక్కడుందా అని మెనూలన్నీ వెతుకుతారు.

మన బడి చదువు ఇక్కడ అడ్డం పడుతుంది. చెప్పిన మాటే మళ్లీ చెబితే పునరుక్తి దోషం అని చిన్నప్పటినుంచీ నేర్పారు, వ్యాసంలో ఒకే పదం మూడుసార్లు వస్తే మాస్టారు ఎర్రసిరాతో గీత గీసేవారు. పద్యానికీ వ్యాసానికీ ఆ నియమం బాగానే ఉంటుంది. డాక్యుమెంటేషన్‌లో దాన్ని పూర్తిగా తలకిందులు చేయాలి. ఒకే పేజీలో "ఖాతా" పదిసార్లు రావలసి వస్తే పదిసార్లూ "ఖాతా" అనే రాయాలి, విసుగొస్తుందని మధ్యలో "అకౌంట్", "ప్రొఫైల్" చేర్చకూడదు. బాగా రాయగలిగినవాళ్లే ఈ తప్పు ఎక్కువ చేస్తారు, వాళ్లకి పర్యాయపదాలు చేతిలో ఉంటాయి కాబట్టి.

వెతుకులాట సంగతి వేరే. ఇవాళ ఎవరూ మాన్యువల్‌ని మొదటినుంచి చదవరు, తమకి కనిపించిన మాట టైప్ చేసి వెతుకుతారు. తెరమీద "టోకెన్ ఐడీ" అని చూసినవాళ్లు అదే టైప్ చేస్తారు. సహాయ పేజీలో "రిఫరెన్స్ నంబర్" అని ఉంటే ఆ పేజీ ఎంత బాగా రాసినా వాళ్లకి లేనట్టే లెక్క.

పెద్ద ప్రాజెక్టులూ తప్పించుకోలేదు

ఈ ఇబ్బంది చిన్న ఆఫీసులకో ప్రభుత్వ పోర్టళ్లకో పరిమితం అనుకుంటే పొరపాటు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన, కోడ్‌లో మార్పుల చరిత్ర నమోదుచేసే గిట్ సాధనాన్ని ఇవాళ ప్రోగ్రామర్లు దాదాపు అందరూ వాడతారు. కమిట్ చేసేముందు, అంటే చరిత్రలో నమోదు చేసేముందు, మార్పులు వచ్చి చేరే చోటికి అందులో మూడు పేర్లున్నాయి: ఇండెక్స్, కాష్, స్టేజింగ్ ఏరియా. తేడాలు చూపే డిఫ్ కమాండ్‌లో "కాష్డ్" అన్నా "స్టేజ్‌డ్" అన్నా ఒకటే పని. అదే, ఫైల్‌గా వచ్చిన మార్పులని అమలుచేసే అప్లై కమాండ్‌కి వచ్చేసరికి "ఇండెక్స్" అంటే ఇండెక్స్‌నీ, మన ఫోల్డర్లో ఉన్న ఫైళ్లనీ రెండిటినీ మార్చమని, "కాష్డ్" అంటే ఇండెక్స్‌ని మాత్రమే మార్చమని. అంటే పర్యాయపదాలుగా మొదలైన రెండు మాటలు ఇంకో కమాండ్‌లో తేడా చూపే గుర్తులయ్యాయి. గిట్ సొంత మాన్యువల్లోనే ఈ రెండిటి తేడాని విడిగా విడమరచి చెప్పాల్సి వచ్చింది. బరంపురంలోనో విశాఖలోనో ఇంజినీరింగ్ చదివే పిల్లలు గిట్ దగ్గర తడబడితే తెలివి తక్కువై కాదు, పేర్లు అలా ఉన్నాయి.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో "క్లస్టర్" ఇంకో ఉదాహరణ. మామూలుగా క్లస్టర్ అంటే కలిసి పనిచేసే చాలా కంప్యూటర్లు. పోస్ట్‌గ్రెస్ పత్రాల్లో మాత్రం ఒక సర్వర్ చూసుకునే డేటాబేసుల సముదాయాన్ని క్లస్టర్ అంటారు, అది ఒకే యంత్రం మీద ఉండొచ్చు. పైగా ఒక టేబుల్‌లోని వరసలని ఇండెక్స్ (ఇక్కడ వెతకడానికి కట్టిన సూచిక) ప్రకారం సర్దే కమాండ్ పేరు కూడా అదే. పేరు మార్చాలంటే ఎన్నో ఏళ్ల పుస్తకాలు, స్క్రిప్టులు, అలవాట్లు అడ్డం వస్తాయి. 2020లో వచ్చిన 13వ వెర్షన్‌తో ఆ ప్రాజెక్టు తన డాక్యుమెంటేషన్‌కి పదకోశం ఒకటి చేర్చింది. మార్చలేని పేరుకి కనీసం ఒక నిర్వచనం, ఒక చోటు ఇవ్వడం అన్నమాట.

మార్చినచోట ఎంత కాలం పడుతుందో మైసీక్వెల్ అనే ఇంకో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. డేటా ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి నకలయ్యే పద్ధతిలో పాత "మాస్టర్, స్లేవ్" బదులు "సోర్స్, రెప్లికా" అన్న పేర్లతో కమాండ్లు రావడం 2020లో మొదలైంది. పాతవి వెంటనే తీసేయలేదు, రెండూ పక్కపక్కనే నడిచాయి, 2024లో వచ్చిన 8.4 వెర్షన్‌లో పాత కమాండ్లు పోయాయి. ఈ నాలుగేళ్ల మధ్యకాలమే చదివేవాళ్లకి అసలు పరీక్ష. కొత్త పత్రం ఒకటి చెబుతుంది, ఆఫీసులో నడుస్తున్న సర్వర్ ఇంకోటి చూపిస్తుంది, ఎవరో ఎప్పుడో రాసిన పాఠం మూడోది చెబుతుంది. గిట్ ప్రాజెక్టులని ఇంటర్నెట్‌లో ఉంచే గిట్‌హబ్ కూడా 2020 అక్టోబర్ 1 నుంచి కొత్త రిపాజిటరీల్లో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట్లలో) మొదటి బ్రాంచ్, అంటే కోడ్ మొదటి శాఖ, పేరుని "మాస్టర్" నుంచి "మెయిన్"కి మార్చింది. ఇవాళ్టికీ పాత పాఠం చూసి "మాస్టర్"కి పుష్ చేయబోయి (తమ మార్పులు పంపబోయి), ఆ పేరుతో ఏమీ లేదన్న ఎర్రర్ చూసి ఆగిపోయేవాళ్లు ఉన్నారు. మార్చడం తప్పు అని కాదు. మార్పు తేదీ, పాత పేరు, కొత్త పేరు మూడూ ఒకే చోట చెప్పకపోతే ఆ భారం చదివేవాళ్ల మీద పడుతుంది.

చీలిక ఎక్కడ మొదలవుతుంది

పదాలు చీలడానికి కారణం ఎవరి అజాగ్రత్తో అనుకోవడం తేలిక, సాధారణంగా పని పంచుకున్న తీరే కారణం. కోడ్ రాసేవాళ్లు డేటాబేస్‌లో ఒక పేరు పెడతారు. తెర గీసేవాళ్లు జనానికి తేలిగ్గా ఉండాలని ఇంకోటి పెడతారు. ఫోన్లో సహాయం చేసేవాళ్లు జనం వాడే మాటే పట్టుకుంటారు. అమ్మకాలవాళ్లకి మరో పేరు కావాలి. నలుగురి మాటా ఎవరికి వాళ్లకి సబబే, ఆ నాలుగూ ఒకే సహాయ పేజీలోకి వచ్చినప్పుడే బెడిసికొడుతుంది. ఎర్రర్ మెసేజ్‌లు ఇందులో మరీ ఘోరం. అవి ఎక్కువసార్లు నేరుగా కోడ్‌లోంచి వస్తాయి, ఎవరూ సరిచూడరు, కాబట్టి తెరమీద ఎక్కడా లేని పేరు ఎర్రర్లో మాత్రం ప్రత్యక్షమవుతుంది, అదీ మనిషి టెన్షన్‌లో ఉన్నప్పుడు.

అనువాదకుల పరిస్థితి ఇంకా చీకట్లో. చాలా సాఫ్ట్‌వేర్లలో వాళ్లకి వచ్చేది తెర కాదు, మాటల జాబితా ఒకటి. అందులో "ఓపెన్" అని ఒక్క మాట ఉంటుంది. అది "తెరువు" అనే ఆజ్ఞా, "తెరిచి ఉంది" అనే స్థితా? ఇంగ్లీషులో రెండిటికీ ఒకే రూపం, తెలుగులో కుదరదు. సాఫ్ట్‌వేర్ మాటలని అనువాదానికి జాబితాగా తీసే గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ప్రతి మాటకీ సందర్భం చెప్పే గడి ఉంది, దాన్ని నింపాల్సింది ప్రోగ్రామర్. నింపకపోతే అనువాదకుడు ఊహిస్తాడు. వాక్యానికి వాక్యం విడివిడిగా అనువదించే యంత్రం కూడా ఊహిస్తుంది, పైగా మొదటి పేజీలో ఒకలా, నాలుగో పేజీలో ఇంకోలా.

తెలుగులోకి వచ్చాక

"దాచు" చూడండి. డబ్బు దాచుకోవడం అంటే భద్రం చేయడం, మొహం దాచుకోవడం అంటే కనపడకుండా చేయడం. ఒక తెరమీద సేవ్‌కీ హైడ్‌కీ రెండిటికీ ఇదే పడితే ఫైల్ భద్రమైందో మాయమైందో తెలియదు. "దిగుమతి" అంటే ఇంపోర్టా, డౌన్‌లోడా? రెండిటికీ వాడినవాళ్లున్నారు. "తొలగించు" మరీ ప్రమాదం. డిలీట్ అంటే వస్తువు పూర్తిగా పోతుంది, రిమూవ్ అంటే చాలాచోట్ల ఈ జాబితాలోంచి తప్పుకుంటుంది, వస్తువు అలాగే ఉంటుంది. తెలుగులో రెండిటికీ "తొలగించు" రాస్తే, గుంపులోంచి ఒకరిని తప్పించబోయి వాళ్ల ఖాతానే చెరిపేసే అవకాశం ఉంది. ఇక్కడ "జాబితా నుంచి తీసేయి", "పూర్తిగా చెరిపేయి" అని రెండు మాటలు పెట్టుకుని వాటిని వదలకుండా పట్టుకోవాలి.

క్రియలతో ఇంకో చిక్కుంది, దీని మీద జరగాల్సినంత చర్చ జరగలేదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1997లో ఆర్ఎఫ్‌సీ 2119 అనే పత్రంతో "మస్ట్", "షుడ్", "మే" లాంటి మాటలకి కచ్చితమైన అర్థాలు కట్టారు: తప్పనిసరి, గట్టి కారణం లేకపోతే చేయాలి, ఇష్టముంటే చేయొచ్చు. 2017లో ఇంకో పత్రం, పెద్ద అక్షరాల్లో ఉన్నప్పుడే ఆ ప్రత్యేకార్థం అని తేల్చింది. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు లేవు, కాబట్టి ఆ ఉపాయం ఇక్కడ పనికిరాదు. పైగా మన ఆఫీసు తెలుగులో "గమనించగలరు", "సమర్పించగలరు" అంటే దయచేసి చేయండి అని మర్యాదగా చెప్పే ఆజ్ఞ, మామూలు తెలుగులో మీకు చేసే వీలుందని. "ఆధార్ కాపీ జతచేయగలరు" అంటే జతచేయాలా, కావాలంటే జతచేయొచ్చా? అలాగే "ఫైల్ పోవచ్చు"లో "వచ్చు" ప్రమాదం, "ఫైల్ పంపవచ్చు"లో అనుమతి. డాక్యుమెంటేషన్‌లో "గలరు" అన్న రూపాన్ని పూర్తిగా మానేసి, తప్పనిసరైతే "చేయాలి", ఇష్టాన్నిబట్టైతే "కావాలంటే చేయొచ్చు", ప్రమాదమైతే "పోయే ప్రమాదం ఉంది" అని స్థిరపరచుకోవడం మేలు.

పదాలు సరిచూసే సాధనాలకి తెలుగు ఇంకో సవాలు విసురుతుంది. ఇంగ్లీషులో నిషిద్ధ పదాన్ని అలాగే వెతికితే చాలావరకు దొరుకుతుంది. తెలుగులో విభక్తి అంటుకుంటే మాట రూపమే మారుతుంది. "సంకేతపదం" వద్దు, "పాస్‌వర్డ్" అని రాయండి అని నియమం పెట్టుకుంటే "సంకేతపదం" అని వెతికే సాధనానికి "సంకేతపదాన్ని", "సంకేతపదాలు" దొరకవు. అరువు మాటల స్పెల్లింగూ ఒకటి కాదు: సర్వర్, సర్వరు, ఫోల్డర్లో, ఫోల్డర్‌లో. చివరి రెండిటి మధ్య తేడా కంటికి అక్షరం అంటుకోవడం, విడిపోవడం మాత్రమే, కంప్యూటర్‌కి మాత్రం మధ్యలో కనపడని అక్షరం ఒకటి ఉందా లేదా అన్నది. వెతుకులాటలో ఒకటి దొరికితే ఇంకోటి దొరక్కపోవచ్చు. అందుకే తెలుగు పదాల జాబితాలో మాటతో పాటు స్పెల్లింగ్, విభక్తి కలిసే తీరు కూడా రాసుకోవాలి.

ఏది పనిచేస్తుంది

విమానాల మరమ్మతు పుస్తకాల కోసం 1980లలో మొదలైన సరళ సాంకేతిక ఇంగ్లీషు ప్రమాణం ఈ దారిలో అందరికన్నా ముందుకెళ్లింది. అనుమతించిన పదాల జాబితా ఒకటి, ఒక్కో పదానికి ఒక్కో అర్థం. ఉదాహరణకి "ఫాలో" అన్న క్రియని "వెనక రావడం" అన్న అర్థంలోనే వాడాలి, సూచనలు పాటించడానికి వేరే క్రియ ఉంది. ఇంగ్లీషు మాతృభాష కాని మెకానిక్ చదువుతాడన్న ఎరుకతో కట్టిన నియమం అది. సాఫ్ట్‌వేర్‌కి అంత కట్టుబాటు అక్కర్లేదు కానీ ఆ ఎరుక కావాలి. గుణుపూర్‌లో కూర్చుని ఇంగ్లీషు తెర చదివే తెలుగు మనిషి సరిగ్గా ఆ మెకానిక్ స్థానంలోనే ఉన్నాడు.

పనిముట్లకి కొదవ లేదు. వేల్ అనే ఉచిత సాధనానికి ఏ మాట బదులు ఏ మాట రాయాలో చెబితే, పత్రం రాస్తున్నప్పుడే తప్పు చూపిస్తుంది. పత్రాలని ముక్కలుగా రాసి కలుపుకునే డీటా (DITA) పద్ధతిలో రాసేవాళ్లు ఉత్పత్తి పేరునో బటన్ పేరునో ఒకచోట ఉంచి మిగతా పేజీలన్నిటికీ అక్కడినుంచే తెప్పించుకోవచ్చు, పేరు మారితే ఒకచోట మారిస్తే చాలు. వెబ్‌లేట్ లాంటి అనువాద వేదికల్లో పదకోశం అనువాదకుడి కళ్లముందే కనిపిస్తుంది. ఇవన్నీ సాయం చేస్తాయి, నిర్ణయం మాత్రం చేయవు. "ఖాతా"నా "అకౌంటా" అని ఎవరో ఒకరు తేల్చాలి, ఆ ఒకరి పేరు బృందంలో అందరికీ తెలిసి ఉండాలి, కొత్త బటన్ పుట్టిన రోజునే వాళ్లని అడగాలి. విడుదలకి ముందురోజు డాక్యుమెంటేషన్ రాసేవాళ్ల చేతిలో పెడితే అప్పటికి ఆ పేరు కోడ్‌లో, తెరలో, వీడియోల్లో పాకిపోయి ఉంటుంది.

పాత పేర్లని పత్రంలోంచి తుడిచేయడం కూడా తప్పే. పాత పేరుని పేజీలో ఒక్కసారి, "ఇంతకు ముందు దీన్ని ఇలా పిలిచేవారు" అని రాస్తే, వెతికేవాళ్లకి దారి దొరుకుతుంది.

అన్నిటినీ ఒకే పేరు కిందికి తేవాలన్న ఉబలాటమూ చెడ్డదే. ఆధార్‌లో నమోదు సంఖ్య వేరు, అది పద్నాలుగు అంకెలు, దానికి తేదీ, సమయం కలిపితే 28. ఆధార్ సంఖ్య 12 అంకెలు. వర్చువల్ ఐడీ 16 అంకెలు. మూడూ నిజంగా మూడు వస్తువులు, మూడు పేర్లూ ఉండాల్సిందే. సహాయ పేజీలో తేలిక కోసమని "ఆధార్ ఐడీ" అని గంపగుత్తగా రాస్తే, వచ్చినవాళ్లు నమోదు రసీదు పట్టుకుని పన్నెండు అంకెలు ఎక్కడున్నాయని వెతుక్కుంటారు.

సరిహద్దులో ఎవరి మాట?

పుస్తకాల కోసం సాంకేతిక పదాలు తయారుచేసే సంస్థలు మనకి ఉన్నాయి. కేంద్రంలో శాస్త్ర సాంకేతిక పదజాల సంఘం 1961లో వచ్చింది, తెలుగు అకాడమీ 1968లో. వాటి పని ప్రధానంగా చదువుల కోసం. ఒక పోర్టల్ బటన్ మీద ఏం రాయాలన్నది రోజువారీ నిర్ణయం, అంత నెమ్మదిగా వచ్చే జాబితా దానికి అందదు. ఒడిశాలో 1954 చట్టం ప్రకారం అధికార భాష ఒడియా, కాబట్టి అక్కడి తెలుగువాళ్లకి ఏ మాట సరిపోతుందో ఆలోచించే బాధ్యత ఏ రాష్ట్రానికీ నేరుగా లేదు. ఆంధ్రా, తెలంగాణ కోసం తయారైన తెలుగు తెరలే సరిహద్దు దాటి వస్తాయి, వాటితో పాటు "మండలం" కూడా వస్తుంది.

ఏ మాట ఎంచుకోవాలన్నదానికి ఈ ప్రాంతంలోనే దారి ఉంది. జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని వాదించిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినవారు, చుట్టుపక్కల కొండల్లోని సవర భాషని సవరల నోటినుంచే నేర్చుకుని నిఘంటువు కట్టినవారు. ఆ పద్ధతిలో చూస్తే "సంకేతపదం" కన్నా "పాస్‌వర్డ్" మేలు, "తహసీల్", "బ్లాక్" ఉన్నవి ఉన్నట్టే ఉంచడం మేలు, "ఆబేదన" ఉన్నచోట రెండు భాషలకీ తెలిసిన "దరఖాస్తు" మేలు. అచ్చ తెలుగు మాట దొరికినచోట దాన్నే వాడాలన్న పట్టుదల గౌరవించదగినదే, కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి మాత్రం తన రసీదు మీద, తెరమీద, సహాయ పేజీలో ఒకే మాట కనపడటం ముందు కావాలి.

చిన్న బృందాలు ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికి జవాబు ఎర్రర్ మెసేజ్‌లు. అన్నీ ఒక ఫైల్లోకి తీసి, అందులోని నామవాచకాలని తెరమీది పేర్లతో పోల్చి చూస్తే తేడాలు వాటంతటవే బయటపడతాయి. తరవాత రసీదులు, మెసేజ్‌లు. సహాయ పేజీలు ఆ తరవాతే, ఎందుకంటే మొదటి మూడిట్లో పేరు కుదిరితే వాటిలో రాయాల్సిన వివరణ చాలావరకు తగ్గిపోతుంది. ఈ జాబితా తయారయ్యాక అనువాదకులకి పంపేముందు రాయగడలోనో పర్లాకిమిడిలోనో రోజూ ఈ తెరలతో పనిచేసే ఆపరేటర్ ఒకరిచేత చదివించాలి, వాళ్లు ఆగిన ప్రతిచోటా గుర్తు పెట్టుకోవాలి.